పాల బిల్లుల లెక్క: ఎస్‌క్యూఎల్‌లోనే ఉంచాలా, పైథాన్‌కు మార్చాలా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మేము ఒక పాల సేకరణ సంస్థకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. సుమారు 11 వేల మంది రైతులు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పోస్తారు. పోసిన ప్రతిసారీ లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల) శాతం నమోదవుతాయి. పదిహేను రోజులకోసారి బిల్లు కట్టి, దాణా అప్పులు, పశువుల బీమా వంటి కోతలు పోను మిగిలిన సొమ్మును బ్యాంకు ఖాతాల్లో వేస్తారు. అంటే ఒక్కో బిల్లుకు ఎంత ఎక్కువనుకున్నా 3,30,000 వరుసలకు మించవు. ఇంత మాత్రపు లెక్కకు డేటాబేస్ లోపలే దాని ప్రశ్నల భాష ఎస్‌క్యూఎల్‌లో రాసి ఉంచిన మా ప్రోగ్రాం (స్టోర్డ్ ప్రొసీజర్) దాదాపు నాలుగు గంటలు తీసుకుంటోంది. కిందటి బిల్లు అర్ధరాత్రి మధ్యలో ఆగిపోయింది. తెల్లవారేసరికి కేంద్రాల దగ్గర రైతులు పాల క్యాన్లతో నిలబడి డబ్బు సంగతి అడగడం మొదలుపెట్టారు, ఆ ఫోన్లన్నీ నాకే వచ్చాయి.

ఇప్పుడు మా బృందంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కొత్తగా చేరిన కుర్రవాడు మొత్తం లెక్కను పైథాన్ భాషలో, పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీతో తిరగరాస్తే నిమిషాల్లో అయిపోతుందంటున్నాడు. పదిహేనేళ్లుగా ఉన్న మా సీనియర్ గారు డేటాబేస్‌లో ఉన్నదాన్ని బయటికి లాగడమే తప్పు అంటున్నారు. ఏ భాష గొప్పదన్న వాదన నాకు అక్కరలేదు. లెక్కలో ఏ భాగం ఎక్కడ ఉంటే బాగుంటుందో, అది ఎందుకో అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను. మాది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్.

పాతకాపు | సోమవారం, రాత్రి 10.25

కృష్ణాతీరం గారూ, మీ ప్రొసీజర్‌లో కర్సర్ తెరిచి, ఒక్కో వరుసనూ చేతిలోకి తీసుకుని, దానికి రేటు వెతికి, రైతు వివరం వెతికి, పాత బాకీ వెతికి, ఫలితాన్ని రాసి, మళ్లీ తరువాతి వరుసకు వెళ్తున్నారని ఊహిస్తున్నాను. అదే నిజమైతే మీరు రాసినది ఎస్‌క్యూఎల్ ఫైల్లో ఉన్న మరో భాష. 3,30,000 వరుసలకు మూడేసి వెతుకులాటలంటే 9,90,000. నాలుగు గంటలను వాటికి పంచితే ఒక్కోదానికి పద్నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు వస్తుంది. ఇండెక్స్ (వెతికే సూచిక) ఉన్న పట్టికలో ఒక వరుసను వెతకడానికి అంత సమయం పట్టదు. కాబట్టి ఆ మూడింటిలో కనీసం ఒకటి ప్రతిసారీ పట్టికను మొదటి నుంచి చివరిదాకా చదువుతోందని నా అనుమానం.

కొంచెం వెనక్కి వెళ్తే విషయం స్పష్టమవుతుంది. 1970కి ముందు డేటాబేస్‌లో ఒక సమాచారం కావాలంటే ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు ఏ దారిన వెళ్లాలో ప్రోగ్రామరే రాయవలసి వచ్చేది. ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో, సమాచారాన్ని సంబంధాలుగా, అంటే పట్టికలుగా చూసి, దాన్ని చేరే దారిని మనిషి చెప్పనవసరం లేకుండా చేయవచ్చని ప్రతిపాదించాడు. 1974లో అదే సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ కలిసి సీక్వెల్ అనే భాషను రూపొందించారు. ఆ పేరు అప్పటికే వేరొకరి ట్రేడ్‌మార్కు కావడంతో తరువాత ఎస్‌క్యూఎల్ అయింది. 1979లో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు రాసిన వ్యాసం ఈ కథలో అసలు మలుపని నా అభిప్రాయం. ఒకే ప్రశ్నకు ఉన్న అనేక దారుల్లో ఏది చవకో యంత్రమే అంచనా వేసి ఎంచుకునే పద్ధతిని అది చూపింది. ఈనాటి డేటాబేస్‌లలో దారి ఎంచే ఆప్టిమైజర్లు చాలావరకు ఆ వంశంలోనివే. కర్సర్ తెరిచిన క్షణంలో మీరు ఆ తెలివినంతా పక్కన పెట్టి, దారి నేనే చెప్తానని 1970కి ముందు రోజుల్లోకి వెళ్లిపోయినట్టు.

మీ రేటు చార్టు ఎక్కడుంది? ప్రొసీజర్‌లో ‘ఇఫ్’ షరతుల రూపంలో ఉందా, పట్టికలో ఉందా?

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10.50

మీ ఊహ అక్షరాలా నిజం. రేటు చార్టు రెండు చోట్లా ఉంది. గేదె పాలకు పట్టిక ఉంది, ఆవు పాలకు మాత్రం నలభై రెండు ‘ఇఫ్’లు ఉన్నాయి. రేటు మారినప్పుడల్లా ప్రొసీజర్‌నే మారుస్తున్నాం.

పాతకాపు | మంగళవారం, ఉదయం 6.15

అలాగైతే మొదట చేయవలసిన పని అదే. పాల రకం, వెన్న శాతం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, లీటరు ధర, ఆ ధర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనే నిలువులతో ఒకే పట్టిక పెట్టండి. పోతల పట్టికను దానితో జాయిన్ చేస్తే, అంటే సరిపోయే వరుసలను జతచేస్తే, మూడు లక్షల ముప్ఫై వేల వరుసలకూ ధర ఒకే వాక్యంలో వస్తుంది. రేటు మారిన రోజు పట్టికలో వరుసలు చేరుస్తారే తప్ప కోడ్ ముట్టుకోరు. పాత తేదీల బిల్లును మళ్లీ కట్టినా పాత ధరే పడుతుంది. ఎస్‌క్యూఎల్ బలం గురించి అడిగితే నేను ముందు చూపించేది ఇదే. నిబంధనను కోడ్‌గా కాక సమాచారంగా దాచుకోవచ్చు. అప్పుడు ఆ నిబంధననే ప్రశ్నించవచ్చు కూడా, ఉదాహరణకు ఏ వెన్న శాతానికి ధర లేకుండా ఖాళీ ఉండిపోయిందో ఒక క్వెరీ చెప్తుంది. నలభై రెండు ‘ఇఫ్’లను ఆ ప్రశ్న అడగలేరు.

ఒక్క జాగ్రత్త. ఒక వరుసలో 5.5 నుంచి 6.0 వరకు, తరువాతి వరుసలో 6.0 నుంచి 6.5 వరకు అని రాసి, రెండు చివరలనూ కలుపుకునే ‘బిట్వీన్’ వాడారనుకోండి. సరిగ్గా 6.0 వెన్న వచ్చిన పోత రెండు వరుసలకూ తగిలి రెండుసార్లు లెక్కకెక్కుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, రైతుకు రెట్టింపు డబ్బు వెళ్తుంది. కింది హద్దును కలుపుకుని, పై హద్దును వదిలేసే పద్ధతిని పాటించండి. జాయిన్‌కు ముందు వరుసలెన్నో, తరువాత ఎన్నో సరిచూసే అలవాటు పెట్టుకోండి.

రవ్వంత | మంగళవారం, ఉదయం 9.05

పాతకాపు గారి మాటల్లో కర్సర్ గురించి చెప్పినదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే నిందను సరిగ్గా పంచాలి. మీ కుర్రవాడు పాండాస్‌లో కూడా ‘ఐటర్‌రోస్’తో ఒక్కో వరుసనూ తిప్పుతూ రాస్తే అదీ నత్తనడకే నడుస్తుంది, నిలువు నిలువునా ఒకేసారి లెక్కిస్తేనే వేగం వస్తుంది. కాబట్టి కర్సర్ మీద గెలిచినంత మాత్రాన ఎస్‌క్యూఎల్ పైథాన్ మీద గెలిచినట్టు కాదు.

నా ఫిర్యాదులు వేరే ఉన్నాయి. మొదటిది, ఎస్‌క్యూఎల్‌లో రాసే క్రమం వేరు, జరిగే క్రమం వేరు. ‘సెలెక్ట్’ ముందు రాస్తాం, కానీ తర్కం ప్రకారం ‘ఫ్రమ్’, ‘వేర్’, ‘గ్రూప్ బై’, ‘హ్యావింగ్’ అయ్యాకే దాని వంతు వస్తుంది. అందుకే ‘సెలెక్ట్’లో పెట్టిన కొత్త పేరు ‘వేర్’లో ఎందుకు పనిచేయదో నేర్చుకునే ప్రతివాడికీ విడిగా చెప్పవలసి వస్తుంది. రెండవది, ముక్కలుగా విడగొట్టడం కష్టం. పైథాన్‌లో కోతల లెక్కను ఒక ఫంక్షన్‌గా రాసి, పది నమూనా బిల్లులు ఇచ్చి, పది జవాబులతో సరిచూసి, అదే ఫంక్షన్‌ను మూడు చోట్ల వాడుకోవచ్చు. ఎస్‌క్యూఎల్‌లో వ్యూలు, ఫంక్షన్లు ఉన్నా, ఒక పట్టిక పేరునో నిలువు పేరునో మామూలు క్వెరీకి పారామీటరుగా ఇవ్వలేం. చివరికి క్వెరీనే అక్షరాల ముక్కలుగా అతికించే పనిలో పడతాం, బయటివారు తమ ఆదేశాన్ని క్వెరీలోకి జొప్పించే ఇంజెక్షన్ ప్రమాదాలు దూరేది ఆ అతుకుల్లోంచే. మూడవది, రెండు వందల పంక్తుల క్వెరీ తప్పు జవాబిస్తే, మధ్యలో ఎక్కడ తప్పిందో ఆగి చూసే వీలు ఉండదు. లోపలి క్వెరీని కోసి విడిగా నడిపి చూడటం మినహా దారి లేదు.

పైగా మూడు లక్షల వరుసలు ఈ రోజు ల్యాప్‌టాప్ జ్ఞాపకశక్తికి ఒక మూలకు కూడా రావు. అంత చిన్న సమాచారానికి బయటికి లాగడం తప్పనే సూత్రం వర్తించదు.

మడిగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1.30

నేను టెస్టింగ్ చేస్తాను కాబట్టి భాష అందం కన్నా తప్పులు పుట్టే చోట్ల మీదే నా దృష్టి ఉంటుంది. మా దగ్గర జరిగిన ఒక సంగతి చెప్తాను. గత నెలలో ఒక్క రోజు కూడా పాలు పోయని సభ్యుల జాబితా కావాలని అడిగారు. సభ్యుల పట్టికలో ఉండి, పోతల పట్టికలోని సభ్యుల సంఖ్యల్లో లేనివారు అని ‘నాట్ ఇన్’ పెట్టి రాశారు. జాబితా ఖాళీగా వచ్చింది. అందరూ పాలు పోశారు కాబోలని పై అధికారి సంతోషించారు కూడా. అసలు జరిగింది ఏమిటంటే, ఒక కేంద్రంలో యంత్రం మొరాయించి, సభ్యుని సంఖ్య లేకుండా ఒక్క పోత నమోదైంది. ఆ ఒక్క నల్ (ఖాళీ విలువ) వల్ల మొత్తం జాబితా మాయమైంది.

కారణం తెలిస్తే విడ్డూరంగానే ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌కు నిజం, అబద్ధం కాక తెలియదు అనే మూడో జవాబు ఉంది. 417వ సభ్యుడు ఆ జాబితాలో లేడా అని అడిగితే, జాబితాలో ఉన్న ఆ తెలియని సంఖ్య 417 కావచ్చు, కాకపోవచ్చు, కాబట్టి జవాబు తెలియదు. ‘వేర్’ నిజమైన వరుసలనే ఉంచుతుంది కనుక అతను జారిపోతాడు. ఈ తర్కమే మిగతా సభ్యులందరికీ వర్తిస్తుంది. ‘నాట్ ఎగ్జిస్ట్స్’తో రాస్తే ఈ గొడవ లేదు. తప్పు చేసినవాడిని తిట్టి లాభం లేదు, చదవడానికి రెండు వాక్యాలూ ఒకేలా ఉన్నాయి.

పాతకాపు | మంగళవారం, రాత్రి 8.10

మడిగట్టు గారు చెప్పిన దెబ్బ నేనూ తిన్నాను, ఒకసారి కాదు. నల్ విషయంలో ఎస్‌క్యూఎల్‌ను సమర్థించే ఓపిక నాకు లేదు. సంబంధాల నమూనాను గట్టిగా నమ్మిన సి. జె. డేట్ వంటివారే ఈ మూడు విలువల తర్కాన్ని దశాబ్దాల పాటు విమర్శించారు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఒక్క అక్షరమూ లేని ఖాళీ పాఠాన్ని కూడా నల్‌గానే తీసుకుంటారు, మిగతా డేటాబేస్ ఇంజిన్లలో అలా కాదు. ప్రమాణం 1986లోనే వచ్చిందని చెప్పుకుంటాం, కానీ ఒక ఇంజిన్ నుంచి మరొక ఇంజిన్‌కు మారినవారికి ఆ ప్రమాణం ఎంత పలచనో తెలుసు.

అయితే ఆ పోత సభ్యుని సంఖ్య లేకుండా ఎలా నమోదైంది? ఆ నిలువుకు ‘నాట్ నల్’, సభ్యుల పట్టికలో ఉన్న సంఖ్యనే ఒప్పుకునే ఫారిన్ కీ పెట్టి ఉంటే డేటాబేసే గడప దగ్గర ఆపేది. ఏ భాషలో రాసిన ప్రోగ్రాం వచ్చినా, ఎవరు చేత్తో వరుస చేర్చబోయినా ఆ కాపలా ఒకటే. పైథాన్ ఫంక్షన్‌లో పెట్టిన తనిఖీ ఆ ఫంక్షన్ గుండా వెళ్లినవారినే ఆపుతుంది.

కృష్ణాతీరం | మంగళవారం, రాత్రి 9.20

రేటు పట్టిక పని మొదలుపెట్టాం, ఫలితం చూసి మా సీనియర్ గారే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అసలు చిక్కు కోతల దగ్గర ఉంది. ఒక రైతుకు ఒకటికి మించి దాణా అప్పులు ఉండవచ్చు. ముందు తీసుకున్న అప్పును ముందు తీర్చాలి. బిల్లు సొమ్ము ఒక అప్పును తీర్చాక మిగిలితే తరువాతి అప్పుకు వెళ్లాలి. ఇది ఒకదాని తరువాత ఒకటి జరగవలసిన పని కనుక దీనికి ఒక్కో అప్పునూ తిప్పుతూ లెక్కించే లూప్ తప్పదని మేమంతా అనుకుంటున్నాం. నిజమేనా?

వరుసక్రమం | మంగళవారం, రాత్రి 10.45

కాదు, లూప్ తప్పించవచ్చు. మన కంటికి ఒకదాని తరువాత ఒకటిగా కనిపించే పనుల్లో చాలా వాటిని కూడికగా మార్చవచ్చు. ఒక రైతుకు తేదీ వరుసలో 1,200, 800, 1,500 రూపాయల అప్పులున్నాయనుకుందాం. బిల్లు 2,500. వరుసలను కలిపేయకుండా పక్క వరుసల మీద లెక్క కట్టే విండో ఫంక్షన్‌తో అప్పుల నడుస్తున్న మొత్తం తీస్తే 1,200, 2,000, 3,500 వస్తుంది. ప్రతి అప్పుకూ దానికి ముందున్న మొత్తం వరుసగా 0, 1,200, 2,000. బిల్లులోంచి ఆ ముందు మొత్తాన్ని తీసేస్తే 2,500, 1,300, 500 మిగులుతుంది. ఆ మిగులు, అప్పు మొత్తం, ఈ రెంటిలో చిన్నది ఎంతో అంత కోయాలి, అది సున్నా కన్నా తక్కువైతే సున్నా. కోతలు 1,200, 800, 500 అని తేలాయి. ఏ లూపూ లేదు. 11 వేల మంది రైతులకూ ఒకే వాక్యం, రైతు వారీగా విడగొట్టే పని ‘పార్టిషన్ బై’ చూసుకుంటుంది.

విండో ఫంక్షన్లు ప్రమాణంలోకి పూర్తిస్థాయిలో 2003లో వచ్చాయి. అంతకుముందు ఎస్‌క్యూఎల్ నేర్చుకుని అక్కడే ఆగిపోయినవారు కర్సర్ల వైపు చూడటం సహజమే. మీ వెర్షన్ ఏది?

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 7.30

చాలా ముచ్చటగా ఉంది, కాగితం మీద వేసి చూసుకున్నాను. కానీ రెండు సంగతులు చెప్పలేదు, క్షమించండి. మా వెర్షన్ 5.7. రెండవది, ఏ బిల్లులోనూ సగానికి మించి కోయకూడదని సంస్థ నియమం. తీరని బాకీ మీద ఒక శాతం రుసుము కలిపి తరువాతి బిల్లుకు మోస్తారు. ఒక్కోసారి వెనకటి తేదీ నుంచి రేటు పెంచుతారు, అప్పుడు ఆరేడు బిల్లులను వరుసగా తిరగకట్టాలి.

వరుసక్రమం | బుధవారం, రాత్రి 9.15

రెండూ పెద్ద సంగతులే.

ముందు వెర్షన్ మాట. మైఎస్‌క్యూఎల్‌లో విండో ఫంక్షన్లు, తన ఫలితం మీద తానే మళ్లీ నడిచే ‘విత్ రికర్సివ్’ క్వెరీ 8.0తో, అంటే 2018లో వచ్చాయి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఆ రెండూ 2009 నాటి 8.4లోనే ఉన్నాయి. 5.7లో విలువ హద్దులో ఉందో లేదో చూసే ‘చెక్’ నిబంధన రాస్తే చదివి, ఒప్పుకున్నట్టు నటించి, పక్కన పడేస్తుంది, 8.0.16 నుంచే అది అమలవుతోంది. యూజర్ వేరియబుల్స్‌తో నడుస్తున్న మొత్తం తీసే చిట్కాలు అంతర్జాలంలో కుప్పలుగా దొరుకుతాయి, డబ్బు లెక్కలో వాటి జోలికి వెళ్లకండి. ఒకే వాక్యంలో ఆ వేరియబుల్స్‌ను ఏ క్రమంలో లెక్కిస్తారన్న హామీ లేదు. పైగా 5.7కు మద్దతు 2023 అక్టోబరులో ముగిసింది. మారవలసిందే.

ఇక మీ నియమం. నిన్న చెప్పిన ఉపాయం పనిచేసినందుకు కారణం, ముందు అప్పుల మొత్తం మనకు ముందే తెలిసి ఉండటం. ఇప్పుడు అలా కాదు. రైతుకు 3,000 బాకీ ఉంది, మొదటి బిల్లు 2,000. సగం అంటే 1,000 కోస్తే 2,000 మిగిలింది, రుసుము కలిపి 2,020. రెండో బిల్లు 5,000 అయితే సగం 2,500, బాకీ అంతకు తక్కువ కనుక 2,020 కోసి సున్నా చేస్తాం. రేటు పెరిగి మొదటి బిల్లు 2,400 అయిందనుకోండి, కోత 1,200, మిగిలింది 1,800, రుసుముతో 1,818. రెండో బిల్లులో ఎంత కోయాలో చెప్పాలంటే మొదటి బిల్లు లెక్క పూర్తి కావాలి. మధ్యలో ‘రెంటిలో చిన్నది’ అన్న మెలిక ఉండటం వల్ల దీన్ని ఒక కూడికగా చదును చేయలేం.

ఎస్‌క్యూఎల్ హద్దు ఎక్కడ అని నన్నడిగితే ఇక్కడ గీత గీస్తాను. లెక్క పొడుగ్గా ఉందా, చిక్కుగా ఉందా అన్నది కొలత కాదు. ఒక వరుస ఫలితం దాని ముందు వరుస సమాచారం మీద ఆధారపడితే ఎస్‌క్యూఎల్ హాయిగా చేస్తుంది, ముందు వరుసకు ఇప్పుడే తేలిన ఫలితం మీద ఆధారపడితే ఇబ్బంది పడుతుంది. చేయలేదని కాదు, 1999 ప్రమాణంలో వచ్చిన రికర్సివ్ క్వెరీతో ఒక్కో బిల్లును ఒక మెట్టుగా ఎక్కుతూ ఇది రాయవచ్చు, నేను రాశాను కూడా. ఆరు నెలల తరువాత దాన్ని మళ్లీ తెరిచినప్పుడు, రాసింది నేనే అయినా అర్థం చేసుకోవడానికి ఒక పూట పట్టింది. అదే పని పైథాన్‌లో పన్నెండు పంక్తుల ఫంక్షన్.

రవ్వంత | గురువారం, ఉదయం 8.50

ఆ గీతతో నేనూ ఏకీభవిస్తున్నాను. రైతు వారీగా ఆ ఫంక్షన్‌ను నడపండి, ఇక్కడ మాత్రం మామూలు లూప్ సరిపోతుంది, 11 వేల మందికి ఆరేడు బిల్లులంటే ఎనభై వేల మెట్లు కూడా కావు. కానీ ఒక్కో రైతుకు ఒక్కో క్వెరీ పంపి వివరాలు తెచ్చుకోకండి. క్వెరీ వెళ్లి రావడానికి ఒక్క మిల్లీసెకను అనుకున్నా, 11 వేల రైతులకు పదకొండు సెకన్లు వృథా. కేంద్రం వివరం, బ్యాంకు వివరం అంటూ మరో నాలుగు కలిస్తే దాదాపు నిమిషం. పట్టికలను ప్రోగ్రాం వస్తువులుగా చూపే ఓఆర్ఎమ్ లైబ్రరీలు ఈ తప్పును మన కంటబడకుండా చేసిపెడతాయి. అందరి బిల్లులనూ, బాకీలనూ ఒకే క్వెరీలో సర్ది తెచ్చుకుని, లెక్కించి, ఫలితాలను ఒకేసారి తిరిగి రాయండి.

మడిగట్టు | గురువారం, మధ్యాహ్నం 2.00

పైథాన్ లెక్క నడుస్తున్న ఆ రెండు మూడు నిమిషాల్లో ఎవరైనా కేంద్రం గుమాస్తా ఒక పోతను సరిదిద్దితే, లేదా కౌంటర్ దగ్గర రైతు కొంత అప్పు నగదుగా కట్టేస్తే ఏమవుతుంది? మీ ఫంక్షన్ పాత బాకీతో లెక్క కట్టి, కట్టేసిన అప్పును మళ్లీ కోస్తుంది కదా.

పాతకాపు | గురువారం, రాత్రి 7.45

ఇదే అడగవలసిన ప్రశ్న. బయటికి లాగడం తప్పు అని మీ సీనియర్ గారు అన్నది వేగం గురించి అయి ఉండదు, దీని గురించే అయి ఉంటుంది.

కౌంటర్ దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకే రైతు ఖాతాను తెరిచారనుకోండి. ఖాతాలో 800 ఉంది. ఇద్దరి ప్రోగ్రాములూ 800 అని చదివాయి, ఇద్దరూ 500 ఇవ్వవచ్చని తేల్చారు, ఇద్దరూ 300 మిగిలిందని రాశారు. వెయ్యి చేతులు మారింది, పుస్తకంలో అయిదు వందలే తగ్గింది. చదవడం, తేల్చడం, రాయడం అనే మూడు పనులను ప్రోగ్రాంలో విడివిడిగా చేయడం వల్ల వచ్చిన తిప్పలిది. నిల్వను నిల్వలోంచి 500 తీసినదిగా మార్చు, నిల్వ 500కు తక్కువ కాకపోతేనే అని ఒకే ‘అప్‌డేట్’ వాక్యంలో చెప్తే, రెండోవాడి వాక్యం మొదటిది పూర్తయ్యే వరకు ఆగి, కొత్త నిల్వ 300ను చూసి, ఒక్క వరుసనూ మార్చకుండా తిరిగి వస్తుంది. మార్చిన వరుసలు సున్నా అని చూసి ప్రోగ్రాం నగదు ఇవ్వకుండా ఆపితే చాలు.

మీ పెద్ద లెక్కకు అంత సూక్ష్మం కుదరదు కనుక, బిల్లు కాలానికి తలుపు వేసే పద్ధతి మేలు. కాలం పట్టికలో ‘మూసివేత’ అనే గుర్తు పెట్టి, అది పడ్డాక ఆ కాలపు పోతలను ఎవరూ దిద్దకుండా చూడండి, లెక్క ముగిసేలోగా వచ్చిన నగదు చెల్లింపులు తరువాతి కాలానికి జమ కావాలి. ఫలితాలు రాయడమంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే అన్నీ పడేలా, లేకపోతే ఏదీ పడకుండా జరగాలి. కిందటిసారి మీకు అర్ధరాత్రి ఆగిపోయినప్పుడు సగం మందికి బిల్లు పడి, సగం మందికి పడక మిగిలి ఉంటుంది, అవునా?

కృష్ణాతీరం | గురువారం, రాత్రి 8.05

4,300 మందికి పడింది. ఎవరికి పడిందో తేల్చుకోవడానికే మర్నాడంతా పట్టింది.

ఫ్రిస్కో_రామం | శుక్రవారం, ఉదయం 5.20

టెక్సస్ నుంచి ఆలస్యంగా చేరుతున్నాను. మీ లెక్కకు వేయి రెట్లు పెద్ద సమాచారంతో నా పని, అయినా కథ ఇదే. 2004లో, పెద్ద లెక్కను అనేక యంత్రాలకు పంచే పద్ధతి మీద గూగుల్ మ్యాప్‌రెడ్యూస్ వ్యాసం వచ్చాక, ఎస్‌క్యూఎల్ పని అయిపోయిందని, ఇక పెద్ద లెక్కలన్నీ జావా ప్రోగ్రాములుగానే రాయాలని మా తరం గట్టిగా నమ్మింది. ఒక చిన్న జాయిన్‌కు వంద పంక్తుల జావా రాసి అలసిపోయాక, ఫేస్‌బుక్‌లో హైవ్ పుట్టింది, అది ఎస్‌క్యూఎల్ లాంటి వాక్యాన్ని మ్యాప్‌రెడ్యూస్ పనులుగా మార్చిపెట్టేది. వద్దనుకుని వెళ్లినవారు ఆ గుమ్మానికే తిరిగి వచ్చారు.

రవ్వంత గారి మొదటి ఫిర్యాదు నాకు నచ్చింది. దానికి మందు కూడా వస్తోంది. 2024లో గూగుల్ వారు ‘ఫ్రమ్’తో మొదలుపెట్టి, ఒక్కో మెట్టునూ గొట్టంలా తరువాతి దానికి అందించే కొత్త వాక్యక్రమాన్ని తమ బిగ్‌క్వెరీ డేటాబేస్‌లో తెచ్చారు. రెండో సంగతి, ఈ రెండు పక్షాల మధ్య గోడ పలచబడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టిన డక్‌డీబీ అనే డేటాబేస్, పైథాన్ ప్రోగ్రాం లోపలే కూర్చుని పాండాస్ పట్టికల మీద నేరుగా ఎస్‌క్యూఎల్ నడుపుతుంది. మీ కుర్రవాడు, మీ సీనియర్ గారు ఒకే ఫైల్లో పనిచేసుకోవచ్చు.

మడిగట్టు | శుక్రవారం, ఉదయం 11.10

పిడకల వేట అనుకోకపోతే ఒక చిన్న మాట. మా రసీదుల మీద రైతు పేరు మొదటి అక్షరం అచ్చు వేయడానికి ‘లెఫ్ట్’ ఫంక్షన్ వాడితే శ్రీనివాసరావు గారు ‘శ’ అయిపోయారు. డేటాబేస్ దృష్టిలో ‘శ్రీ’ నాలుగు అక్షరాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 బైట్లలో పన్నెండు. పైథాన్‌కు మారితే బాగుపడుతుందేమోనని చూస్తే అక్కడా పొడవు చెప్పే ‘లెన్’ నాలుగే అంది. ఈ విషయంలో దొందూ దొందే, తెలుగు అక్షరాన్ని అక్షరంగా చూడాలంటే ఎక్కడైనా ప్రత్యేక లైబ్రరీ కావలసిందే.

కృష్ణాతీరం | తరువాతి బుధవారం, రాత్రి 10.00

ఫలితం చెప్పడానికి వచ్చాను. 8.0కు మారాం. ధర కట్టడం, రైతు వారీ మొత్తాలు, బీమా కోతలు అన్నీ మూడు ‘ఇన్సర్ట్ సెలెక్ట్’ వాక్యాలుగా మారాయి, అవి నిమిషం లోపే అయిపోతున్నాయి. దాణా అప్పుల లెక్క మాత్రం పైథాన్ ఫంక్షన్‌లో ఉంది. రవ్వంత గారి మాట మీద దానికి ఇరవై నమూనా రైతులతో పరీక్షలు రాశాం. కాలం మూసివేత గుర్తు పెట్టాం. మొత్తం ఆరు నిమిషాలు. కర్సర్‌ను తీసేసినందుకు మా సీనియర్ గారికి, ఫంక్షన్ రాసినందుకు కుర్రవాడికి సంతోషంగా ఉంది.

ఒకటే మిగిలింది. పాత బిల్లులతో పోలిస్తే 37 మంది లెక్కలో ఒక్కో పైసా తేడా వస్తోంది. రేటు కాదు, లీటర్లు కాదు. అన్నీ కచ్చితమైన డెసిమల్ రకమే, ఎక్కడా ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ లేదు.

వరుసక్రమం | బుధవారం, రాత్రి 10.30

తేడా వచ్చిన చోట రుసుము సరిగ్గా అర పైసా దగ్గర తెగుతోందేమో చూడండి. బాకీ 1,812.50 అయితే ఒక శాతం 18.125. మైఎస్‌క్యూఎల్ ‘రౌండ్’ డెసిమల్ విలువలో సగం వస్తే పైకి తీసుకుంటుంది కనుక 18.13. పైథాన్ సగం వచ్చినప్పుడు పక్కనున్న సరి అంకె వైపు మొగ్గుతుంది కనుక 18.12. డెసిమల్ వాడినా ఏమీ చెప్పకపోతే అదే పద్ధతి. ‘రౌండ్ హాఫ్ అప్’ అని స్పష్టంగా చెప్పండి.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 11.05

37 మందికీ అదే. మార్చాక తేడా సున్నా. రేపటి బిల్లు దీనితోనే కడుతున్నాం, ప్రొసీజర్‌ను ఇంకో రెండు బిల్లుల దాకా పక్కన నడిపి సరిచూసుకుంటాం.